పువ్వును పక్క నుంచి చీల్చే తుమ్మెద: మొక్కకు నష్టం ఎప్పుడు, ఎంత?

హైదరాబాద్‌లో మిద్దె తోటలు పెరిగాక ఒక ప్రశ్న తరచూ వినబడుతోంది. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి పసుపు టెకోమా పువ్వు మీద వాలుతుంది. పువ్వు నోటి వైపు పోదు. గొట్టం అడుగుభాగాన్ని పట్టుకుని క్షణాల్లో ఏదో చేసి మరో పువ్వు మీదికి ఎగిరిపోతుంది. దగ్గరికి వెళ్లి చూస్తే అక్కడ సన్నటి నిలువు చీలిక ఉంటుంది. ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులో పెడితే కొందరు "పురుగు పట్టింది, మందు కొట్టండి" అంటారు. ఇంకొందరు "దాన్ని ముట్టుకోకండి, అది రాకపోతే కాయలే రావు" అంటారు. అడిగినవాళ్లకు టెన్షన్ తగ్గదు, పెరుగుతుంది.

రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. చీలిక ఉందంటే మకరందాన్ని ఎవరో దొంగదారిన తీసుకెళ్లారని మాత్రం తెలుస్తుంది. మొక్క నష్టపోయిందా లేదా అనేది వేరే లెక్క. అది ఏ మొక్క, దాని దగ్గరికి ఇంకా ఎవరెవరు వస్తున్నారు, దానికి పుప్పొడి కొరత ఉందా అనే మూడు సంగతుల మీద ఆధారపడి ఉంటుంది. జీవశాస్త్రవేత్తలు రెండు వందల ఏళ్లకు పైగా ఈ లెక్కే తేలుస్తున్నారు.

పువ్వు మకరందం ఎందుకు ఇస్తుంది

మొక్క కదలలేదు. తన పుప్పొడి మరో మొక్క పువ్వులోని కీలాగ్రానికి, అంటే పుప్పొడిని అందుకునే ఆడభాగపు కొసకు చేరాలంటే ఎవరో ఒకరు మోయాలి. ఆ మోసేవాళ్లకిచ్చే కూలి మకరందం. అందుకే చాలా పూలలో మకరందం అడుగున ఉంటుంది, పుప్పొడి ఉండే కేసరాలు, కీలాగ్రం దారిలో ఉంటాయి. లోపలికి దూరిన కీటకం వాటిని రాసుకుంటూ వెళ్లి, రాసుకుంటూ తిరిగి రావాలి.

టెకోమాలో ఈ ఏర్పాటు చూడముచ్చటగా ఉంటుంది. దాని కీలాగ్రం రెండు చిన్న పెదవుల్లా తెరుచుకుని ఉంటుంది. తేనెటీగ లోపలికి వెళ్తూ దానికి తగలగానే, ఒంటి మీద తెచ్చిన పుప్పొడి అక్కడ అంటుకుంటుంది. ఆ స్పర్శకు పెదవులు రెండూ మూసుకుంటాయి. అందువల్ల తేనెటీగ బయటికి వచ్చేటప్పుడు అదే పువ్వు పుప్పొడి మళ్లీ కీలాగ్రానికి అంటే అవకాశం తగ్గుతుంది. ఇదంతా కీటకం ముందు ద్వారం నుంచి వస్తేనే పనిచేస్తుంది. అడుగున చీల్చి నాలుక పెట్టినవాళ్లు ఆ పెదవుల దరిదాపులకు కూడా రారు.

తుమ్మెద చీల్చే పద్ధతి

మన దగ్గర తుమ్మెదలంటే ప్రధానంగా జైలోకోపా జాతులు. వీటిని వడ్రంగి తేనెటీగలనీ అంటారు, ఎండిన కొమ్మల్లో, వెదురు బొంగుల్లో, ఇంటి దూలాల్లో గుండ్రటి రంధ్రం తొలిచి గూడు పెడతాయి కాబట్టి. పట్టుల్లో వేలసంఖ్యలో ఉండే తేనెటీగల్లా కాకుండా ఎక్కువగా ఒంటరిగా బతుకుతాయి. ఆడవాటికి కొండి ఉన్నా చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టడం అరుదు. మగవాటికి అసలు కొండే లేదు.

వీటి నోటి దగ్గర నాలుకకు తొడుగులా ఉండే భాగాలు గట్టిగా, మొన తేలి ఉంటాయి. పూరేకుల గొట్టాన్ని చీల్చేది వాటితోనే. టెకోమా పువ్వు నోరు వెడల్పే, కానీ మకరందం ఉండే అడుగుభాగం సన్నం. తుమ్మెద లావుపాటి ఒళ్లు అక్కడ పట్టదు. చీల్చడం నేర్చుకున్న తుమ్మెదకు లోపలికి దూరి, వెనక్కి వచ్చే శ్రమ తప్పుతుంది. అదే సమయంలో ఎక్కువ పూలు తిరగగలదు.

మకరంద చోరీ మీద పేరున్న పరిశోధనల్లో చాలా భాగం చలి ప్రాంతాల బంబుల్ బీలనే నూగు ఒంటి పెద్ద తేనెటీగల మీద జరిగినవి. బంబుల్ బీలు మన దేశంలో హిమాలయాల వైపు ఉంటాయి. దక్కన్ పీఠభూమిలో ఉండవు. ఇక్కడ ఆ పాత్ర తుమ్మెదలది, కొంతవరకు తేనెపిట్టలది. తేనెపిట్ట కూడా తన ముక్కుకు అందనంత పొడవైన పువ్వు ఎదురైతే అడుగున పొడిచి తాగుతుంది. కాబట్టి అమెరికాలోని కొలరాడో కొండల ఫలితాన్ని కొండాపూర్‌కు తెచ్చేటప్పుడు కొంచెం జాగ్రత్త అవసరం.

అందరు దొంగలూ ఒకటి కాదు

1980లో డేవిడ్ ఇనౌయె అనే అమెరికా శాస్త్రవేత్త ఈ గందరగోళాన్ని విడదీస్తూ పేర్లు పెట్టాడు. వాటిని తెలుగులో ఇలా చెప్పుకోవచ్చు.

తానే కన్నం వేసేది తొలి దొంగ. టెకోమా దగ్గర తుమ్మెద ఇదే. వేరొకరు వేసిన కన్నాన్ని వాడుకునేది మలి దొంగ. తుమ్మెద వెళ్లిపోయాక అదే చీలిక దగ్గర చిన్న తేనెటీగలు, చీమలు చేరుతాయి. వాటికి గొట్టాన్ని చీల్చే బలం లేదు, తెరిచి ఉన్న దారిని మాత్రం వదలవు. వీటివల్ల ఒక కన్నంతో పోయే మకరందం ఎన్నో రెట్లు పెరగవచ్చు.

మూడో రకం కన్నం వేయదు. ముందు ద్వారం నుంచే వెళ్తుంది, కానీ ఒళ్లు మరీ చిన్నది కావడం వల్ల కేసరాలకు తగలకుండా తాగి వస్తుంది. పెద్ద పువ్వులోకి పాకే చీమ దీనికి ఉదాహరణ. పువ్వుకు గాయం ఉండదు, పని మాత్రం జరగదు. నాలుగో రకం పూరేకుల మధ్య సందులోంచి నాలుక దూర్చేది. పశుగ్రాసంగా వేసే లూసర్న్‌లో దీన్ని రైతులు, తేనెటీగల పెంపకందార్లు బాగా ఎరుగుదురు. ఆ పువ్వులోని కేసరాలు బిగపట్టి ఉంటాయి. తేనెటీగ సరైన చోట నొక్కితే విడివడి దాని తలకు తగులుతాయి. ఆ దెబ్బ తిన్న తేనెటీగలు కొన్నాళ్లకు పక్క సందులోంచి తాగడం నేర్చుకుంటాయి. పంట నిండా తేనెటీగలు తిరుగుతున్నా విత్తనం తక్కువ రావడానికి ఇదొక కారణం.

అదే తుమ్మెద, వేరే మొక్క దగ్గర

టెకోమా మీద తుమ్మెదను చూసి దాని గుణం తేల్చేయడం ఎందుకు పొరపాటో తంగేడు దగ్గర నిలబడితే అర్థమవుతుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడులో మకరందమే లేదు. ఇచ్చేది పుప్పొడి ఒక్కటే, అదీ ఊరికే రాలదు. కేసరాల కొసన ఉన్న చిన్న రంధ్రాల్లోంచి రావాలంటే వాటిని గట్టిగా వణికించాలి. తుమ్మెద పువ్వును పట్టుకుని రెక్కలు ఆడించకుండా రొమ్ము కండరాలతో 'జుమ్' మని వణికిస్తుంది. కొన్ని కేసరాల పుప్పొడి దానికి ఆహారం. పొడవాటి కేసరాల పుప్పొడి మాత్రం ఒంటి మీద పడి మరో పువ్వుకు చేరుతుంది. రేల పూలలోనూ ఇదే కథ. మామూలు తేనెటీగలకు ఈ వణికించే విద్య రాదు.

వంకాయ, టమాటా పూలకు కూడా ఈ వణుకు కావాలి. టమాటా చాలావరకు తన పుప్పొడితో తానే కాయగలదు, గాలి కదలిక కూడా సాయపడుతుంది. వంగ పువ్వు దగ్గరికి తుమ్మెద లాంటి వణికించే తేనెటీగలు వస్తే కాయ బాగా కడుతుంది. జిల్లేడులో పుప్పొడి పొడిలా ఉండదు. చిన్న సంచుల రూపంలో ఉండి కీటకం కాలికి తగులుకుంటుంది. వాటిని లాక్కుపోయే బలం తుమ్మెదకు ఉంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మునగ సంగతి. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు మునగ పూల మీద చేసిన అధ్యయనం 1990లో వచ్చింది. అందులో ఆ చెట్టుకు ప్రధాన పరాగ వాహకాలుగా, అంటే పుప్పొడి మోసేవిగా తేలినవి రెండు జైలోకోపా జాతులు. అంటే టెకోమా చీలికలు చూసి మందు కొట్టిన ఇంట్లో మరుసటి కాపుకు మునక్కాయలు తగ్గే అవకాశం ఉంది. కంది పూల మీద కూడా తుమ్మెదలు, ఆకులు కత్తిరించే తేనెటీగలు, పెద్ద తేనెటీగలు వాలుతుంటాయి. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ రూపొందించిన కంది హైబ్రిడ్ల విత్తనోత్పత్తి ఇలాంటి కీటకాల మీదే నడుస్తుంది, ఎందుకంటే ఆడ వరసల్లోని పూలలో పనికొచ్చే పుప్పొడి ఉండదు. పక్క వరస నుంచి ఎవరో మోసుకురావాలి.

ఒక లెక్క వేసి చూద్దాం

ఈ అంకెలు విషయం అర్థం కావడానికి వేసుకున్నవి, ఏ తోటలోనూ కొలిచినవి కావు. ఒక మొక్కకు 100 పూలు పూశాయనుకుందాం. తుమ్మెద 60 పూలను చీల్చింది. చీలిన పూల వైపు మిగతా తేనెటీగలు అసలు రావని, మొక్కకు అతి చెడ్డ పరిస్థితినే ఊహిద్దాం.

మొదటి ఇంటి దగ్గర చెట్లు, పూలు బాగా ఉన్నాయి. తేనెటీగలు తరచూ వస్తాయి. చీలని 40 పూలలో పదింటికి ఎనిమిది చొప్పున 32 పూలకు పుప్పొడి అందింది. అయితే కుండీలోని మట్టి, నీళ్లు, ఆకుల బలం కలిపి ఆ మొక్క పెంచగలిగేవి 20 కాయలే. మిగతా పిందెలు ఎలాగూ రాలిపోయేవే. చీలికలు లేకపోయినా 20, ఉన్నా 20. నష్టం సున్నా.

రెండో ఇల్లు చుట్టూ కాంక్రీటు ఉన్న ఎత్తైన అపార్ట్‌మెంట్ పైన. తేనెటీగలు ఎప్పుడో గాని రావు. పదింటిలో రెండు పూలకే పుప్పొడి అందుతుంది. చీలికలు లేకపోతే 100 పూలకు 20 కాయలు వచ్చేవి. ఇప్పుడు 40 పూలకు 8 వచ్చాయి. అవే 60 చీలికలు ఇక్కడ 12 కాయలను పోగొట్టాయి.

ఇక మన ఊహను కొంచెం సడలిద్దాం. చీలిన పూల వైపూ తేనెటీగలు సగం తరచుగా వచ్చాయనుకుంటే, ఆ 60 పూలలో పదింటికి ఒకటి చొప్పున 6 కాయలు కడతాయి. రెండో ఇంట్లో మొత్తం 14. నష్టం 12 నుంచి 6కు పడిపోయింది. చీలికల సంఖ్య మారలేదు, మిగతా అతిథుల ప్రవర్తన మాత్రమే మారింది.

శాస్త్రవేత్తలు 'పుప్పొడి కొరత' అనేది రెండో ఇంటి పరిస్థితినే. తన పుప్పొడితో తానే ఫలదీకరణ చేసుకోగల మొక్కకు ఈ కొరత తక్కువ, వేరే మొక్క పుప్పొడి తప్పనిసరి అయినవాటికి ఎక్కువ. దొంగతనం దెబ్బ సాధారణంగా రెండో రకానికే గట్టిగా తగులుతుంది.

ఈ లెక్కలో ఒక పెద్ద లోపం ఉంది. మనం కాయలనే లెక్కపెట్టాం. చాలా పూలు ఆడా, మగా రెండూ. తన కాయలు తగ్గకపోయినా, తన పుప్పొడి వేరే మొక్కలకు చేరకపోతే ఆ మొక్క సగం బతుకు నష్టపోయినట్టే. అది కొలవడం కష్టం కాబట్టి చాలా అధ్యయనాలు విత్తనాల దగ్గరే ఆగిపోయాయి.

పొలాల్లో, కొండల్లో ఏం తేలింది

నష్టం స్పష్టంగా కనబడిన ఉదాహరణ అమెరికాలోని కొలరాడో నుంచి వచ్చింది. స్కార్లెట్ గిలియా అనే ఎర్రటి గొట్టం పూల మొక్కకు పరాగ సంపర్కం చేసేవి హమ్మింగ్ పిట్టలు. దాన్ని దోచేది ఒక బంబుల్ బీ. రెబెకా ఇర్విన్, అలిసన్ బ్రాడీ 1999లో ప్రచురించిన ప్రయోగంలో, నూటికి ఎనభైకి మించి పూలను దోచిన మొక్కల విత్తనోత్పత్తి సుమారు సగానికి పడిపోయింది. కొద్దిగా దోచిన మొక్కల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. తర్వాతి పనిలో మగ పాత్ర కూడా దెబ్బతిన్నట్టు తేలింది. కారణం గాయం కాదు. ఖాళీ పూలున్న మొక్కలను హమ్మింగ్ పిట్టలు గుర్తుపట్టి వదిలేశాయి. గిలియాకు తన పుప్పొడి పనికిరాదు, పిట్ట రాకపోతే విత్తనం లేదు.

మన తుమ్మెదకు దగ్గరి బంధువు ఒకటి అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో బ్లూబెర్రీ పూలను చీలుస్తుంది. సెలిమ్ దెదెజ్, కీత్ డెలాప్లేన్ 2004లో చూపించిన దాని ప్రకారం అక్కడ అసలు చిక్కు తేనెటీగలతో వచ్చింది. మామూలుగా పరాగ సంపర్కం చేయగల తేనెటీగలు, తుమ్మెద చేసిన చీలికలు దొరకగానే మలి దొంగలుగా మారిపోయాయి. అవి తెచ్చే విత్తన ప్రయోజనం తగ్గింది.

దీనికి విరుద్ధంగా స్పెయిన్‌లో లూయిస్ నవారో 2000లో ఇంకో సంగతి చూపించాడు. ఆంథిల్లిస్ అనే చిక్కుడు జాతి మొక్కలో దోచిన పూలకే ఎక్కువ కాయలు వచ్చాయి. అక్కడి పూలు చిన్నవి, గుత్తులుగా ఉంటాయి. బంబుల్ బీ అడుగున కొరుకుతూ పూల మీద పాకుతుంటే దాని ఒళ్లు కేసరాలకు, కీలాగ్రాలకు రాసుకుంటోంది. దొంగతనం చేస్తూనే పనీ చేసిపెడుతోంది.

మరో అధ్యయనం మధ్యస్థంగా ఉంది. 2001లో జోన్ మలూఫ్ కొరిడాలిస్ మొక్కల మీద చూసినప్పుడు విత్తనాల సంఖ్యలో తేడా రాలేదు. కానీ దోచిన చోట పరాగ సంపర్కం చేసే బంబుల్ బీలు తర్వాతి మొక్క కోసం ఎక్కువ దూరం ఎగిరాయి. పుప్పొడి దూరపు మొక్కకు చేరితే దగ్గరి చుట్టరికంలో కలవడం తగ్గుతుంది. అది తరతరాలకు మేలు చేయవచ్చు.

శాస్త్రవేత్తల మధ్య వాదన

జర్మనీకి చెందిన స్ప్రెంగెల్ 1793లోనే బంబుల్ బీలు కన్నాలు వేయడం రాశాడు. డార్విన్ 1876లో అచ్చయిన పుస్తకంలో ఈ దోపిడీ వల్ల మొక్కలకు నష్టమే అని గట్టిగా అభిప్రాయపడ్డాడు. చాలాకాలం అదే మాట నిలిచింది. 2000లో మలూఫ్, ఇనౌయె కలిసి అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను పరిశీలించి నష్టం, లాభం, ఏమీ తేడా లేకపోవడం మూడూ ఉన్నాయని చూపించారు. దొంగలను మోసగాళ్లనాలా, భాగస్వాములనాలా అని వాళ్లు సూటిగానే అడిగారు.

రెండు పక్షాల వాదనా వినదగ్గదే. దొంగలు మేలు చేస్తారనేవాళ్లకు ఆంథిల్లిస్ లాంటి రుజువులున్నాయి. నష్టమే అసలు ధోరణి అనేవాళ్లు అడిగేదేమిటంటే, తేనెటీగ దూరం ఎగిరినంత మాత్రాన మొక్కకు మేలు జరిగిందని ఎలా అంటారు? దూరం ఎగిరినది అసలు వేరే జాతి పువ్వుకు వెళ్లిపోతే? ఈ అభ్యంతరం నాకు బలంగానే తోస్తుంది. ఎగిరిన దూరాన్ని కొలవడం సులువు, దాని ఫలితంగా పుట్టిన మొక్క ఎంత బలంగా పెరిగిందో కొలవడానికి ఏళ్లు పడుతుంది. మరోవైపు, నష్టం చూపిన ప్రయోగాల్లో దోపిడీ తీవ్రంగా ఉన్నచోటే ఫలితం పెద్దదిగా ఉందన్నదీ నిజం.

హైదరాబాద్ విషయంలో ఇంకో మెలిక ఉంది. రోడ్డు డివైడర్ల మీద, గేటెడ్ కమ్యూనిటీల గోడల వెంట కనిపించే టెకోమా అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్క. మన తుమ్మెదలతో కలిసి పరిణామం చెందినది కాదు. చీలికలు పడుతున్నా గుత్తులుగా పొడవాటి కాయలు కాస్తూనే ఉంది. పైగా చాలా దేశాల్లో అదుపు తప్పి వ్యాపించిన మొక్కగా పేరుపడింది. దాన్ని దొంగల నుంచి కాపాడాలనే ఆరాటానికి ఆధారం కనబడదు.

మొక్కలు ఊరుకుంటాయా

కొన్ని పూలకు అడుగున మందపాటి రక్షకపత్రాల తొడుగు ఉంటుంది. కొన్ని పూలు అడుగులు కనబడకుండా ఒత్తుగా గుచ్చినట్టు పూస్తాయి. ఇవి దొంగల కోసమే ఏర్పడ్డాయని అనేయడం తొందరపాటు. ఎండను, మొగ్గ తినే పురుగును ఆపడానికీ అదే తొడుగు పనికొస్తుంది.

విషం ఇంకో దారి. అమెరికాలోని జెల్సీమియం తీగ మకరందంలో జెల్సీమిన్ అనే విషపదార్థం ఉంటుంది. లిన్ ఆడ్లర్, ఇర్విన్ 2005లో పరీక్షించి చూస్తే, ఆ పదార్థం ఎక్కువైన పూలకు దొంగలూ తగ్గారు, మేలు చేసేవాళ్లూ తగ్గారు. విషానికి ఎవరు ఎవరో తెలియదు.

చీమల కాపలా దీనికంటే నేర్పుగా పనిచేస్తుంది. సింగపూర్‌లో మెలస్టోమా అనే పొద మీద 2013లో వచ్చిన పరిశోధనలో, ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్ర చీమలు పూల దగ్గర తిరుగుతుంటే, పరాగ సంపర్కం సరిగా చేయని చిన్న తేనెటీగలు భయపడి పోయాయి. బాగా చేసే పెద్ద జైలోకోపాలు మాత్రం వచ్చాయి. మన మామిడి చెట్ల మీద కనిపించేది అదే జాతి చీమ. ఇక్కడ తుమ్మెద కాపలా ఉన్నచోటికి పిలిచి రప్పించుకున్న అతిథి.

దొంగతనం నేర్చుకునేదే

దోచే కీటకాలన్నీ పుట్టుకతో దోచవు. 2008లో ఎలూయిజ్ లెడ్‌బీటర్, లార్స్ చిట్కా ప్రయోగశాలలో బంబుల్ బీలకు ముందే కన్నాలున్న పూలు ఇచ్చారు. ఆ కన్నాల్లోంచి తాగడం అలవాటైనవి, తర్వాత కన్నాలు లేని పూలు దొరికినప్పుడు సొంతంగా కన్నం వేసే అవకాశం పెరిగింది. అంటే ఒక తొలి దొంగ వెనక మలి దొంగలు, వాళ్లలోంచి మళ్లీ తొలి దొంగలు తయారవుతారు.

డేవ్ గుల్సన్ బృందం స్విట్జర్లాండ్ ఆల్ప్స్ పచ్చికల్లో 2013లో ఇంకా వింతైన విషయం చూపింది. అక్కడి ఒక పువ్వును బంబుల్ బీలు కుడి పక్క నుంచైనా, ఎడమ పక్క నుంచైనా కొరకవచ్చు. కానీ ఒక్కో పచ్చికలో ఎక్కువ కన్నాలు ఒకే పక్క ఉన్నాయి. ఒక చోట కుడి, మరో చోట ఎడమ. ముందు వేసిన కన్నాలు తర్వాత వచ్చినవాటికి దారి చూపుతున్నాయని వాళ్లు తేల్చారు.

దీనివల్ల దోపిడీ మోతాదు ఒక మొక్కకు శాశ్వతంగా రాసిపెట్టినట్టు ఉండదు. ఒకే కాలనీలో ఒక ఏడాది టెకోమా పూలన్నీ చీలిపోవచ్చు, మరుసటి ఏడాది పది పూలకు ఒకటే చీలవచ్చు. అక్కడ గూడు కట్టిన తుమ్మెదలు ఎన్ని, వాటిలో ఎన్ని ఆ విద్య నేర్చాయి, పక్కనే మునగ, తంగేడు పూతకు వచ్చాయా అన్నదాన్ని బట్టి అది మారుతుంది. ఒక్క సీజన్ చీలికలు లెక్కపెట్టి మొక్కకు ఇంత నష్టమని చెప్పే అధ్యయనాలను ఇప్పుడు ఆ రంగంలోని వాళ్లే అనుమానంగా చూడటానికి ఇదొక కారణం.